ఉగాది కార్డు క్షేమంగా చేరాలంటే



శివరాత్రి వెళ్ళింది, చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. ఇక వచ్చేది ఉగాది. ఈసారి మార్చి 19, గురువారం. మన బరంపురం పిల్లలు చేత్తో చేసిన ఉగాది కార్డులు ఎప్పటిలాగే ఊరూరా వెళ్ళాలి. కార్డు ఎంత అందంగా చెయ్యాలో పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది నలగకుండా, తడవకుండా, అవతలివాళ్ళ చేత డబ్బు కట్టించకుండా ఎలా చేరాలో మాత్రం పెద్దవాళ్ళం చూసుకోవాలి. అందుకే ఈ పొడుగాటి పోస్టు. టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ఒక సంగతి. కమిటీలో ఈ ఏడు కూడా ఒక ప్రశ్న వచ్చింది. "ఇంత శ్రమ ఎందుకండీ? పిల్లలు గీసిన బొమ్మకి ఫోటో తీసి గ్రూపులో పెడితే క్షణంలో అందరికీ చేరుతుంది, పైసా ఖర్చు లేదు" అని. అడిగినవాళ్ళని మేము తప్పుపట్టడం లేదు. లెక్క ప్రకారం వాళ్ళు చెప్పింది నిజమే. కానీ పండగ రోజున మనందరి ఫోన్లలోకి ఎన్ని బొమ్మలు వస్తాయో, వాటిలో ఎన్ని చూస్తామో మనకి తెలుసు. మధ్యాహ్నానికి ఫోన్ నిండిపోయిందని మనమే అన్నీ కలిపి చెరిపేస్తాం.

ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గర చిరునామాల పుస్తకం ఒకటుంది. ఎర్ర అట్ట, పొడుగు పుస్తకం. బరంపురంలో పుట్టి, పెరిగి, తర్వాత ఉద్యోగాల వల్లో పిల్లల దగ్గరికో వెళ్ళిపోయిన మన పెద్దల పేర్లు అందులో ఉన్నాయి. హోసూరు, బళ్ళారి, సోలాపూరు, యానాం, విశాఖ, హైదరాబాదు, ఇలా. ఏటా ఉగాదికి ముందు ఆ పుస్తకం తీసి చూసినప్పుడల్లా రెండు మూడు పేర్ల మీద గీత పడుతోంది. కొత్తగా చేరే పేర్లు తక్కువ. ఇప్పుడు మిగిలిన పేర్లు 80. వాళ్ళలో చాలామందికి కళ్ళు సరిగ్గా ఆనవు. ఫోన్ మనవల చేతిలో ఉంటుంది. కార్డు మాత్రం వాళ్ళ పేరు మీద, వాళ్ళ చేతికి వస్తుంది.

ఇక మన పిల్లల వైపు నుంచి చూడండి. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. తెలుగు మాట్లాడతారు, సినిమా చూస్తారు, రాయమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. చాలామందికి సంవత్సరం మొత్తంలో తెలుగులో రాసే వాక్యాలు ఈ కార్డులోని మూడు నాలుగే. ఒడియా అక్షరానికి నెత్తిన గొడుగు ఉంటుంది, మన అక్షరానికి తలకట్టు ఉంటుంది. మన పిల్లలు కొందరు తలకట్టుకు బదులు గొడుగు పట్టేస్తారు. "ఉగాధి" అని వత్తు పెట్టేస్తారు. మేము దిద్దం. ఆ రాత చూసే అవతలి మామ్మగార్లు ముసిముసిగా నవ్వుకుంటారు. ఆ మూడు వాక్యాలు దారిలో పాడవకుండా చేరాలన్నదే మా తాపత్రయం.

ఈ ఏటి పేరు గురించి

విశ్వావసు వెళ్ళి పరాభవ వస్తోంది. "పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు" అని రాయాలంటే పిల్లలకే నవ్వొస్తోంది. "పరాభవం అంటే అవమానం కదా, దానికి శుభాకాంక్షలేమిటి?" అని ఓ ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. 60 సంవత్సరాల పేర్లు వరసగా తిరుగుతాయి, వాటిలో మంచి అర్థం ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి, పేరుని బట్టి ఏడాది ఉండదు అని చెప్పాం. ఇంకో మాట కూడా చెప్పాం. వెనకటి పరాభవ 1966లో వచ్చింది. ఆ ఏడు పుట్టినవాళ్ళకి ఈ పరాభవలో షష్టిపూర్తి. మన పుస్తకంలో అలాంటివాళ్ళు ఉంటే ఆ పేర్లు మాకు చెప్పండి. వాళ్ళ కార్డులో పిల్లలు ఇంకో వాక్యం కలుపుతారు. పేరు రాయడానికి మనసొప్పనివాళ్ళు "ఉగాది శుభాకాంక్షలు" అని రాసి ఊరుకోవచ్చు. ఎవరి ఇష్టం వాళ్ళది.

ఏది అంటించాలి, ఎక్కడ అంటించాలి

పోస్టాఫీసులో స్టాంపు మీద సీలు వేస్తారు. చేత్తో వేసే చోట ధన్ ధన్‌మని కొడతారు. స్టాంపు ఉండేది కవరుకి కుడివైపు పైమూల. అంటే లోపల కార్డుకి అదే మూలలో బియ్యపు గింజో, అద్దం ముక్కో, పూసో ఉంటే ఆ దెబ్బ దాని మీదే పడుతుంది. గింజ నలుగుతుంది, కవరు చిరుగుతుంది, సీలు కూడా సరిగ్గా పడదు. కాబట్టి ఎత్తుగా ఉండే అలంకారం ఏదైనా కార్డుకి ఎడమవైపు కింద పెట్టించండి. కవరులో పెట్టేటప్పుడు కార్డు తిరగబడకుండా చూడండి.

పచ్చి వేపపువ్వు, పచ్చి మామిడాకు అంటించవద్దు. అందంగానే ఉంటాయి గానీ మూసిన కవరులో ఆకు చెమర్చి, రెండు రోజుల్లో కార్డు మీద గోధుమరంగు మరక పెడుతుంది. వేపపువ్వు కావాలంటే ఇప్పుడే మొదలుపెట్టండి. పాత న్యూస్‌పేపరు మడతల మధ్య పువ్వు పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టి, వారం పది రోజులు కదపకుండా ఉంచండి. రెండు మూడు రోజులకోసారి పేపరు మార్చండి. పూర్తిగా ఆరాక అంటించి, పైన బటర్ పేపరు ముక్క కప్పండి.

పసుపు, కుంకుమ నేరుగా రాయవద్దు. చెయ్యి తగిలితే, కాస్త తేమ తగిలితే కుంకుమ పాకుతుంది. అదే కవరు నుంచి పక్క కవరుకీ పాకుతుంది. ఎర్ర కాగితం బొట్టులా కత్తిరించి అంటిస్తే అంతే అందం. చెమ్కీ పొడి కూడా వద్దు. కవరు విప్పగానే ఒళ్ళంతా పడుతుంది, ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళకి ఇబ్బంది.

మనకి చక్కగా పనికొచ్చేవి మన ఊళ్ళోనే ఉన్నాయి. బరంపురం పట్టు చీర అంచు ముక్కలు దర్జీల దగ్గర దొరుకుతాయి. పల్చగా ఉంటాయి, బరువు లేదు, నలగవు. పిప్పిలి పనివాళ్ళు గుడ్డ ముక్కలు కత్తిరించి అతికే పద్ధతి పిల్లలకి బడిలోనే వచ్చు. దాంతో మామిడి తోరణం చేస్తే ఎంత బాగుంటుందో పోయిన ఏడు చూశాం. ముగ్గు అయితే తెల్ల పెన్నుతో వెయ్యడమే మేలు. బియ్యప్పిండి బంకలో కలిపి వేస్తే ఆరాక పెళుసెక్కి మడత దగ్గర రాలిపోతుంది.

బంక సంగతి. మైదా ఉడకబెట్టిన బంక వద్దు, పురుగు పడుతుంది. ఫెవికాల్ వాడండి, కానీ చుక్క చుక్కగా. ఎక్కువైతే కాగితం ఉబ్బి వంకర తిరుగుతుంది. అంటించినవన్నీ ఒక రాత్రి ఆరాకే కవరులో పెట్టండి. స్టేప్లర్ పిన్నులు అసలు వద్దు. తపాలా సంచీలో ఒక కవరు పిన్ను ఇంకో కవరుకి గుచ్చుకుంటుంది, ఉత్తరాలు వేరుచేసేవాళ్ళ వేళ్ళకీ గుచ్చుకుంటుంది.

బరువు, స్టాంపు

ఇది అందరూ జాగ్రత్తగా చదవండి. మామూలు ఉత్తరానికి ప్రతి 20 గ్రాములకి 5 రూపాయలు. 20 దాటి ఒక్క గ్రాము ఎక్కువైనా తర్వాతి మెట్టు. అంటే 20 గ్రాముల వరకు 5, 40 వరకు 10, 60 వరకు 15 రూపాయలు.

మన కార్డులు ఎంత తూగుతాయో లెక్క చూద్దాం. పిల్లలు వాడే మందం అట్ట 300 జీఎస్ఎం. ఏ4 సైజు అట్ట ఒకటి సుమారు 19 గ్రాములు. దాన్ని సగానికి కత్తిరించి, ఆ సగాన్ని మడిచి చిన్న కార్డు చేస్తే 9 గ్రాముల పైచిలుకు. చిన్న కవరు నాలుగైదు గ్రాములు. మొత్తం 14. అలంకారానికి ఇంకా 5 గ్రాములు మిగులుతుంది. ఇది 5 రూపాయల్లో వెళ్ళిపోతుంది.

ఏ4 అట్ట మొత్తాన్ని మడిచి పెద్ద కార్డు చేస్తే కార్డే 19 గ్రాములు. కవరు కలిస్తే 26, 27. దీనికి 10 రూపాయలు అంటించాలి. వెనక ఒరగడానికి గట్టి అట్ట ముక్క పెడితే 45 దాకా వస్తుంది. అప్పుడు 15.

ఇంట్లో త్రాసు లేదంటారా? మామూలు ఏ4 కాగితం, 80 జీఎస్ఎం ది, ఒక్కొక్కటి 5 గ్రాములు. నాలుగు కాగితాలు సరిగ్గా 20. ఒక స్కేలు మధ్యలో దారం కట్టి వేలాడదీసి, ఒక కొసకి నాలుగు కాగితాలు చుట్టి కట్టండి, రెండో కొసకి మీ కార్డు కవరుతో సహా కట్టండి. కార్డు వైపు కిందికి దిగితే 10 రూపాయల స్టాంపు. పిల్లలకి ఈ పని కార్డు చెయ్యడం కన్నా నచ్చింది. మరీ అనుమానంగా ఉంటే బజారులో బంగారం కొట్టువాళ్ళని అడగండి, పండగ పని అంటే కాదనరు. పోస్టాఫీసు కౌంటరులో త్రాసు ఎలాగూ ఉంది.

5 రూపాయల దగ్గర ఇంత పట్టింపు ఎందుకో చెప్తాం. స్టాంపు తక్కువైతే ఉత్తరం బేరింగ్ అవుతుంది. తక్కువ పడిన దానికి రెట్టింపు, అందుకునేవాళ్ళ దగ్గర వసూలు చెయ్యడం పాతకాలం నుంచి ఉన్న పద్ధతి. మనం 5 రూపాయలు తక్కువ అంటిస్తే అక్కడ పెద్దాయన 10 రూపాయలు ఇవ్వాలి. పది రూపాయలు పెద్ద మొత్తం కాదు. కానీ ఇంట్లో ఒక్కరే ఉన్న ముసలావిడ గుమ్మంలోకి వచ్చి, తపాలా మనిషి డబ్బులడిగితే, చిల్లర కోసం మళ్ళీ లోపలికి నడవాలి. మనవాళ్ళలో ఒకావిడకి ఓ పెళ్ళి శుభలేఖ అలాగే బేరింగ్‌లో వచ్చింది. "ఇదేటి నాయనా, పిలిచినోళ్ళే డబ్బులు పెట్టమంటన్నారు?" అని ఆవిడ తపాలా మనిషిని నిలదీసిందట. ఆ మాట ఇప్పటికీ బడా బజారులో చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ పెళ్ళి వాళ్ళు మాత్రం ఆవిడ ఎదురుపడితే తల దించుకునేవారు.

కొందరు పెద్దలు "మూత అంటించకుండా లోపలికి దోపి, పైన బుక్ పోస్ట్ అని రాస్తే తక్కువలో పోతుంది కదా" అంటున్నారు. ఆ తరగతి అచ్చు కాగితాల కోసం పెట్టింది. మన కార్డులో పిల్లలు చేత్తో రాసిన కబుర్లు ఉంటాయి. అది ఉత్తరమే, ఉత్తరం స్టాంపే అంటించాలి. పైగా మూత తెరిచి ఉంటే లోపలి కార్డు జారిపోవచ్చు.

ఇంకొందరు "రిజిస్టర్ చేయించండి, భద్రం" అన్నారు. గత ఏడాది, 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటరులో ఆ పేరు చెప్తే స్పీడ్ పోస్టే చేస్తారు. అక్టోబర్ 1 నుంచి దాని ధరలు కూడా మారాయి. 50 గ్రాముల వరకు మన ఊళ్ళోకే అయితే 19 రూపాయలు, బయటి ఊరికి ఎంత దూరమైనా 47, పైన 18 శాతం పన్ను. అంటే బయటి ఊరికి 55 రూపాయల పైన పడుతుంది. ఇంకో 5 రూపాయలు, దాని పన్ను కడితే చిరునామాలో ఉన్న మనిషి చేతికే ఇచ్చే సదుపాయం ఉంది. అన్ని కార్డులకీ ఇది అక్కర్లేదు. షష్టిపూర్తి వాళ్ళకి, మంచం పట్టిన పెద్దలకి, ఈ ఉగాదికి తప్పక అందాలి అనుకున్నవాళ్ళకి స్పీడ్ పోస్టు చేద్దాం. మిగతావి మామూలు తపాలాలో.

ఖర్చు సంగతి కూడా ముందే చెప్పేస్తున్నాం. 80 కార్డులు, సగటున 10 రూపాయలు వేసుకున్నా 800. అందులో ఒక పదింటికి స్పీడ్ పోస్టు అంటే ఇంకో నాలుగైదు వందలు. మన నెలవారీ సమావేశం టీ, పకోడీల ఖర్చు కన్నా ఎక్కువేమీ కాదు. ఆ నెల పకోడీలు మానేస్తే సరిపోతుందని ఒకరు అన్నారు. పకోడీలూ ఉంటాయి, కార్డులూ వెళ్తాయి, కంగారు పడకండి.

కవరు

కార్డు కవరులో అటూ ఇటూ ఊగకూడదు, ఇరుక్కోకూడదు. చుట్టూ అర సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. పెద్ద కార్డు వెనక గట్టి అట్ట పెట్టండి. కొత్త అట్ట కొనక్కర్లేదు. చొక్కా కొన్నప్పుడు లోపల వచ్చే అట్ట, పాత శుభలేఖలు, అయిపోయిన నోటు పుస్తకాల అట్టలు దాచండి. కార్డుకీ అట్టకీ మధ్య బటర్ పేపరు వేస్తే రంగు అంటుకోదు. తడి భయం ఉన్నవాళ్ళు లోపలి కార్డుని పల్చటి పాలిథిన్ తొడుగులో పెట్టవచ్చు. పైకవరు మాత్రం కాగితమే ఉండాలి. నున్నటి ప్లాస్టిక్ మీద స్టాంపు నిలవదు, సిరా నిలవదు.

స్టాంపు మీద సెల్లో టేపు వెయ్యవద్దు. ఊడిపోతుందేమోనని కొందరు వేస్తారు. సీలు సిరా టేపు మీద పట్టదు. పోస్టాఫీసులో బంక ఉంటుంది, దాంతో అంటించండి.

రంగు కవరు వాడాలనుంటే వాడండి. కానీ చిరునామా మటుకు తెల్ల కాగితం ముక్క మీద నల్ల సిరాతో రాసి అంటించండి. ముదురు ఎరుపు మీద నీలి పెన్ను చదవడం ఎవరివల్లా కాదు. తడికి పాకే స్కెచ్ పెన్ను వద్దు, బాల్ పెన్ను వాడండి.

లావుగా ఉన్న కవరుని ఎర్ర డబ్బాలో కుక్కవద్దు. గొంతులో ఇరుక్కుంటే మనదీ పాడు, తర్వాత వేసినవాళ్ళదీ పాడు. అలాంటివి కౌంటరులో చేతికివ్వండి.

చిరునామా: పైన ఊరి భాష, లోపల ఇంటి భాష

ఇక్కడ ఏటా చిన్న వాదన వస్తుంది. "మన భాష కోసం చేస్తున్న కార్డు, చిరునామా మాత్రం తెలుగులో ఎందుకు రాయకూడదు?" అని. ఆంధ్ర, తెలంగాణ, యానాం వెళ్ళేవాటికి తెలుగులో రాయండి, హాయిగా చేరుతుంది. సోలాపూరులో ఉత్తరం పంచే మనిషి మరాఠీ చదువుతాడు, హోసూరులో తమిళం చదువుతాడు. వాళ్ళు చదవగలిగేది పైన ఉండాలి. అక్కడి భాష రాకపోతే ఇంగ్లీషులో రాయండి. మూత విప్పాక ఎలాగూ మన తెలుగే.

ఇది మనకి కొత్తేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మన గంజాం పెద్దలు ఇల్లు కదలకుండానే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చారు. చిరునామాలో చివరి వరస మారింది. ఇంటి పేరూ, వీధి పేరూ, ఇంట్లో మాటా అలాగే ఉన్నాయి. మూడు నాలుగు తరాలుగా మనం గుమ్మం బయట ఒడియాలో, లోపల తెలుగులో బతుకుతున్నాం. ఆ ఒడియా మనకి అన్నం పెట్టింది, స్నేహితుల్ని ఇచ్చింది. కవరు మీద ఇంకో భాష రాసినంత మాత్రాన మనకి తరిగేదేమీ లేదు.

పిన్ కోడు తప్పనిసరి. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెలు మనలాంటివాళ్ళకి ఎంత మేలు చేశాయో చెప్పలేం. ఊరి పేర్లతోనే అసలు చిక్కు. మన బరంపురం ఒకటి, పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాదు జిల్లాలో బహరంపుర్ ఒకటి. ఇంగ్లీషులో పాత రాత రెండింటికీ దాదాపు ఒకటే. అందుకే మన పెద్దలు ఊరి పేరు పక్కన గంజాం అని కలిపి రాసేవారు. ఇప్పటికీ అలాగే రాయండి, 760001 అని మన పిన్ వెయ్యండి. అక్కడిది 742101. అలాగే కోరాపుట్ జిల్లాలో మనవాళ్ళుండే జయపురం, రాజస్థాన్ రాజధాని జైపూర్. జయపురం 764001, రాజస్థాన్ జైపూర్ 302001. మొదటి అంకె చూస్తేనే ఏ దిక్కుకి వెళ్ళాలో తెలిసిపోతుంది.

యానాం సంగతి పిల్లలకి బాగా నచ్చుతుంది, చెప్పండి. పాలన పుదుచ్చేరిది. పుదుచ్చేరి నగరం పిన్ 605తో మొదలవుతుంది. యానాం పిన్ మాత్రం 533464, గోదావరి జిల్లాల వరస. ఉత్తరం గోదావరి దారినే పోవాలి కాబట్టి తపాలా వాళ్ళు అలా ఇచ్చారు. కాబట్టి చిరునామాలో యానాం, పుదుచ్చేరి అని రాసినా, పిన్ సరిగ్గా ఉంటే వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరికి పోయి తిరిగి రాదు. హోసూరు 635109, బళ్ళారి 583101. సోలాపూరుకి 413తో మొదలవుతాయి, పేటని బట్టి చివరి అంకెలు మారతాయి, అడిగి రాయండి. అంకెలు తెలుగు అంకెల్లో రాయవద్దు, మామూలు అంకెలే వెయ్యండి.

గ్రహీత ఫోన్ నంబరు కూడా చిరునామా కింద రాయండి. ఎడమవైపు కింద మన సంఘం చిరునామా. ఎవరూ దొరక్కపోతే కార్డు వెనక్కి మన దగ్గరికే వస్తుంది. పంపినవాళ్ళ చిరునామా లేకపోతే అది తిరుగు ఉత్తరాల ఆఫీసుకి చేరి, అక్కడ విప్పి చూస్తారు. లోపల "ప్రియమైన తాతగారికి, మీ బుజ్జి" అని ఉంటే వాళ్ళు మాత్రం ఏం చెయ్యగలరు? అందుకే కార్డు లోపల కూడా ఒక మూల పిల్లవాడి పూర్తి పేరు, సంఘం చిరునామా రాయించండి. తపాలా వాళ్ళ కోసమే కాదు, తాతగారు జవాబు రాయాలన్నా అదే కావాలి.

జవాబుల గురించి

పోయిన ఏడు వేరే ఊరి తెలుగు పిల్లలు మనకి ఒక కార్డు పంపారు. అక్షింతలు బంకతో అంటించి పూర్ణకుంభం చేశారు. దారిలో సగం గింజలు ఊడిపోయి కవరు అడుగున చేరాయి. కవరు విప్పింది మన సంఘంలో అందరికన్నా పెద్ద మామ్మగారు. ఆవిడ ఆ గింజలు ఒక్కొక్కటీ ఏరి, అక్కడున్న పిల్లలందరి నెత్తిన వేశారు. బొమ్మ పాడైందని ఎవరికీ బాధ లేకపోయింది. కానీ కుంభం మీద పిల్లలు ఏదో రాశారు, గింజలతో పాటు ఆ అక్షరాలు కూడా చిరిగి పోయాయి. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు, "ఏం రాసేరో తెలిసుంటే బాగున్ను" అన్నారు. ఈ జాబితాలన్నీ ఆ మాట కోసమే. రాత ఎప్పుడూ అలంకారం లేని చోట, లోపలి పేజీలో, పెన్నుతో ఉండాలి.

మనం పంపిన కార్డులకి నిరుడు 11 జవాబులు వచ్చాయి. కొన్ని పోస్టుకార్డులు, కొన్ని ఇన్‌లాండ్ లెటర్లు. ఒక తాతగారు వణికే చేత్తో, తన చిన్నప్పుడు బరంపురం వీధిలో ఉగాది పచ్చడి ఎవరింట్లో చేదుగా ఉండేదో రాశారు. ఆ ఇంటి వాళ్ళ మనవడు మన గ్రూపులోనే ఉన్నాడు. ఆ ఉత్తరం చదివించుకోవడానికి వాడు మూడుసార్లు సంఘం హాలుకి వచ్చాడు, నాలుగోసారి తనే కూడబలుక్కుని చదివాడు. తాతగారి పేరు మీద పోయిన నెల గీత పడింది. ఉత్తరం ఉంది.

అందుకే ఈసారి ప్రతి కార్డులో సంఘం చిరునామా రాసిన పోస్టుకార్డు ఒకటి పెడదామని ఒక సభ్యురాలు సూచించారు. పోస్టుకార్డు అర్ధరూపాయి. బరువు రెండు మూడు గ్రాములు పెరుగుతుంది, చిన్న కార్డు అయితే ఇంకా 20 లోపలే ఉంటుంది. అవతలివాళ్ళు పోస్టాఫీసు దాకా నడిచి కొనక్కర్లేదు. రెండు ముక్కలు రాసి డబ్బాలో పడేయించుకుంటే చాలు. కమిటీ సరేనంది.

ఇక పని

ఫిబ్రవరి 22, ఆదివారం లోపల: మీ మీ చుట్టాలకి ఫోన్ చేసి చిరునామా, పిన్, ఇల్లు మారారా అన్నది కనుక్కుని మాకు చెప్పండి. పుస్తకంలో పేరు లేని పెద్దలెవరైనా ఉంటే చేర్పించండి. గీతలు పడే పుస్తకంలో కొత్త పేర్లు కూడా పడాలి.

మార్చి 1, ఆదివారం పొద్దున్న 10 గంటలకి సంఘం హాల్లో కార్డులు చేద్దాం. పిల్లలు కత్తెర, స్కేలు, ఫెవికాల్ తెచ్చుకోవాలి. పెద్దలు పట్టు ముక్కలు, పాత శుభలేఖలు, చొక్కా అట్టలు తేవాలి. తెలుగు రాయడం వచ్చిన అమ్మమ్మలు, తాతలు కనీసం ఐదారుగురు రావాలి. పిల్లల పక్కన కూర్చోండి, అడిగితే అక్షరం చూపించండి. వాళ్ళ చెయ్యి పట్టుకుని మీరే రాసెయ్యవద్దు.

ఆ వారంలోనే డోల పున్నమి, హోలీ సెలవులు ఉన్నాయి. కాబట్టి ఆరబెట్టడం, తూకం, చిరునామాలు 8వ తేదీకి ముగించి, 9, సోమవారం పొద్దున్న అన్నీ ఒకేసారి కౌంటరులో ఇద్దాం. పండగకి పది రోజుల ముందు. దూరపు ఊళ్ళకి కూడా సరిపోతుంది. స్టాంపులు ముందే కొనిపెడతాం, అన్నీ 5 రూపాయలవి.

80 కార్డులకి ఇప్పటికి 34 మంది పిల్లలు పేర్లు ఇచ్చారు. తలా రెండు చేసినా ఇంకా 12 మిగిలిపోతాయి. మీ ఇంట్లో, మీ పక్కింట్లో తెలుగు పిల్లలుంటే పంపండి. రాయడం అస్సలు రాకపోయినా ఫర్వాలేదు, వాళ్ళ పేరు మటుకు తెలుగులో రాస్తే చాలు. పేర్లు కింద కామెంట్లో పెట్టండి.